మా పర్లాకిమిడికి ఒక పిచ్చి సైంటిస్టు కావలెను

మేం ఐఐటీ అడగట్లేదు, ఎయిమ్స్ అడగట్లేదు, అవి అడిగి అడిగి మా పెద్దవాళ్ళు వెళ్ళిపోయారు. నేను అడిగేది చాలా చిన్నది. ఒకే ఒక్క పిచ్చి సైంటిస్టు. జుట్టు దువ్వుకోనివాడు, తెల్లకోటు మీద ఏవో మరకలున్నవాడు, అర్ధరాత్రి ఉరుము ఉరిమితే తలుపు వేసుకోకుండా పకపకా నవ్వేవాడు. పాత చవక భయం సినిమాల్లో ఉంటాడే, ఆ బాపతు. ఒడిశాలో ఆంధ్రా సరిహద్దున ఉన్న మా గజపతి జిల్లాలో ఇంతవరకు ఒక్కడు కూడా లేకపోవడం సరిహద్దు ప్రాంతాల పట్ల సవతి ప్రేమ కాక మరేమిటి?

ఈ విషయంలో నాకు అర్హత లేదనుకోకండి. చిన్నప్పుడు చవితికి మా వీధిలో అద్దె టీవీ, వీసీఆర్ పెట్టి రాత్రంతా వీడియో వేసేవారు. మూడో క్యాసెట్టు ఎప్పుడూ ఇంగ్లీషుదే, అది అందరూ నిద్రపోయాక వేసేది, కాబట్టి ఎవరూ నిద్రపోయేవారు కాదు. ముందు వరసలో కూర్చునే ఒక అన్నయ్య తెలుగులో ఓసారి, ఒడియాలో ఓసారి కథ చెప్పేవాడు. ఆయనకి ఇంగ్లీషు రాదు. తెలుగు కథలో సైంటిస్టు చచ్చిన తమ్ముణ్ణి బతికిస్తుంటే ఒడియా కథలో అదే సైంటిస్టు ఆస్తి కోసం పాలేరుని తయారు చేసేవాడు, అందుకని వీధికి ఈ పక్క ఏడుస్తున్నప్పుడు ఆ పక్క నవ్వేవాళ్ళు. శవం వేలు కదిలింది, డాక్టరు గంతులేశాడు, అందరూ ఊపిరి బిగబట్టారు. మా అమ్మమ్మ మాత్రం మెల్లిగా అడిగింది: "అంత కష్టపడి లేపినాడు గదా, ఆడికి ఓ ముద్దన్నం ఎట్టినాడేటి?" 1818లో వచ్చిన 'ఫ్రాంకెన్‌స్టైన్' నవలంతా రాసి మేరీ షెల్లీ అడిగింది ఈ మాటే, మా అమ్మమ్మ ఆ నవల చదవకుండానే అడిగేసింది.

మేరీ షెల్లీ అంటే గుర్తొచ్చింది. 1815లో ఇండోనేషియాలో తంబోరా అగ్నిపర్వతం పేలింది, ఆ బూడిద వల్ల మరుసటి ఏడు యూరప్‌కి ఎండాకాలమే రాలేదు. జెనీవా దగ్గర వాన వదలక ఇంట్లో ఇరుక్కుపోయిన పద్దెనిమిదేళ్ళ పిల్ల ఈ కథ మొదలుపెట్టింది. వాన పడితే మనకి పకోడీలు గుర్తొస్తాయి, ఆవిడకి రాక్షసుడు గుర్తొచ్చాడు. కానీ మనం చూసే ఆ ల్యాబు, ఆ మెరుపులు, ఆ మీటలు నవలలో లేవు. అక్కడ ఉన్నది కాలేజీ కుర్రాడు, కనీసం డాక్టరు కూడా కాదు, ఎలా ప్రాణం పోశాడో చెప్పనే చెప్పడు. ఆ హంగామా అంతా 1931 నాటి యూనివర్సల్ వాళ్ళ 'ఫ్రాంకెన్‌స్టైన్'ది, దానికి కరెంటు సామాను చేసింది కెన్నెత్ స్ట్రిక్‌ఫాడెన్. తర్వాత వచ్చిన ప్రతి పేద పిచ్చి సైంటిస్టూ ఆ ల్యాబుని చూసి వాతలు పెట్టుకున్నవాడే.

ఆ సామానులో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఆ పాకే మెరుపు. రెండు కడ్డీలు కింద దగ్గరగా, పైన ఎడంగా నిలబెడతారు. కింద సందు తక్కువ కాబట్టి మెరుపు అక్కడ పుడుతుంది, చుట్టూ గాలి కాగి పైకి లేస్తుంటే దాంతోపాటు మెరుపూ ఎక్కుతుంది, పైన సందు మరీ వెడల్పయ్యాక పుటుక్కున తెగిపోతుంది, మళ్ళీ కిందనుంచి మొదలు. దీనివల్ల శవానికి ఒరిగేది పూర్తిగా సున్నా. మా ఊరి అర్జీలు సరిగ్గా ఇలాగే నడుస్తాయి, కింద పుట్టి పైదాకా పాకి అక్కడ తెగి మళ్ళీ కింద పుడతాయి, కాబట్టి మాకు ఈ యంత్రం వాడటానికి ట్రైనింగ్ కూడా అక్కర్లేదు. స్ట్రిక్‌ఫాడెన్ ఆ సామానంతా గరాజ్‌లో దాచుకున్నాడు, 1974లో మెల్ బ్రూక్స్ అదే కథని హాస్యంగా తీస్తే ఆ పాత యంత్రాలే తెచ్చి వాడారు. ఐస్‌క్రీమ్ డబ్బా కడిగి అటక మీద పెట్టే మా అమ్మని ఇక మీదట ఎవరూ ఏమీ అనకూడదు.

కానీ అది డబ్బున్న సినిమా. అసలు ప్రతిభ డబ్బులేని చోట చూడాలి. 1940లో 'ద డెవిల్ బ్యాట్'లో సైంటిస్టు వేషం వేసిన నటుడు బెలా లుగోసి, కంపెనీ తనకి చిల్లర పడేసి లాభాలు తినేసిందని, గడ్డం గీసుకున్నాక రాసుకునే లోషన్ ఒకటి చేసి పంచుతాడు, అది రాసుకున్నవాణ్ణి పెద్ద గబ్బిలం వెతుక్కుంటూ వస్తుంది. 1955లో ఎడ్ వుడ్ తీసిన 'బ్రైడ్ ఆఫ్ ద మాన్‌స్టర్'లోనూ ఆయనే సైంటిస్టు, ఈసారి గబ్బిలం బదులు రబ్బరు ఆక్టోపస్. దానికి కదలిక లేదు. నీళ్ళలో పడ్డ మనిషే దాని కాళ్ళు ఒంటికి చుట్టుకుని, తన్నుకుని, గిలగిల్లాడి, చివరికి తనే చచ్చిపోవాలి. ఇంత బాధ్యత గల బాధితుణ్ణి నేను మరెక్కడా చూడలేదు. 1959లో 'ద కిల్లర్ ష్రూస్' అనే దాంట్లో దీవి మీద సైంటిస్టు జనాభా సమస్య తీర్చబోయి కుక్కంత చుంచెలుకల్ని పుట్టిస్తాడు. కుక్కంత అని ఊరికే అనలేదు, అవి బొచ్చు కప్పిన కుక్కలే.

కుక్కని చుంచెలుక అంటే ఎవరు నమ్ముతారని పట్నం వాళ్ళు నవ్వుతారు. వాళ్ళు బరంపురం ఠాకురాణి యాత్రలో వేషాలు చూడలేదు, మా దసరా పులి వేషమూ చూడలేదు. ఆ పసుపు రంగు కింద ఉన్నది పొద్దున్న మనింట్లో పాలు పోసినవాడే అని మూడేళ్ళ పిల్లకీ తెలుసు. తెలిసే కెవ్వుమంటుంది. తోక ఊడితే వాడే తీసి నడుముకి చెక్కుకుని మళ్ళీ గాండ్రిస్తాడు, అది మళ్ళీ కెవ్వుమంటుంది. కోట్లు పోసిన గ్రాఫిక్స్ రాక్షసుడికి తోక ఊడదు, అందుకే వాడంటే నాకు భయమూ లేదు, గౌరవమూ లేదు.

వీటన్నిటిలో మన కుటుంబాలకి బాగా దగ్గరైనది 'ద బ్రెయిన్ దట్ వుడెంట్ డై'. 1959లో తీస్తే 1962లో గాని విడుదల కాలేదు. మొదట్లో ఈ పేరు వేసి, చివర్లో బ్రెయిన్ బదులు హెడ్ అని వేశారు. అంటే సినిమా అయ్యేలోపు తమ సినిమా పేరేమిటో వాళ్ళే మర్చిపోయారు. కారు ప్రమాదంలో కాబోయే భార్య తల తెగితే డాక్టరు ఆ తలని ట్రేలో పెట్టి బతికిస్తాడు, తర్వాత దానికి సరిపడా మొండెం కోసం ఊరంతా తిరుగుతాడు. తిరిగి తిరిగి అందంగా ఉన్నవాళ్ళనే చూస్తాడు. ఇది పెళ్ళిచూపులు కాకపోతే ఏమిటండీ? ట్రేలో ఉన్న ఆవిడ మాత్రం నన్ను చావనివ్వరా మొర్రో అంటూనే ఉంటుంది, ఆ ఇంట్లో బుర్ర ఉన్నది ఆవిడకే, ఒళ్ళు లేదు కాబట్టి ఎవరూ వినరు.

ఇక మా ఊరి అనుకూలతలకి వస్తాను. అతుకుల మనిషి అంటే మాకు కొత్త కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి జమీందారీని నడిమికి కోసి కొంత ఒడిశాలో కుట్టారు, కొంత మద్రాసుకి వదిలారు. కుట్లు ఇప్పటికీ చలికాలంలో సలుపుతాయి. 1931 సినిమాలో రాక్షసుడికి మాట రాదు, 1935లో రెండో భాగం వచ్చేదాకా మూలగడమే. ఇక్కడ పిల్లలకి పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి గారి సవర భాష పుస్తకం అదే 1931లో మద్రాసులో అచ్చయింది. ఆ రాక్షసుణ్ణి ఆయన దగ్గరికి పంపి ఉంటే ఆరు నెలల్లో శుభ్రమైన వ్యావహారికం నేర్పి, సవర కూడా నేర్పి పంపేవారు.

ఇబ్బందులు లేవని అనను. నివాస ధృవపత్రం ఒకటి. ఎడమ కాలు సరిహద్దుకి అవతల ఆంధ్రాలో ఉన్న పాతపట్నానిది, మొండెం మాది అయితే కాలుకి ఆంధ్రా సర్కారు ఉచిత వైద్యం వస్తుంది, మొండేనికి రాదు. రెండు చేతులు ఇద్దరివి కాబట్టి ఆధార్‌లో వేలిముద్రలు పడవు, పడినా పేరు ఒడియాలో ఒకలా, తెలుగులో ఒకలా వస్తుంది, అది మా అందరికీ ఉన్నదేలెండి. కరెంటు మరొకటి: మీట నొక్కాక కుడి చెయ్యి లేచి సగంలో ఉండగా పోతుంది, మళ్ళీ వచ్చేదాకా ఆ చెయ్యి అలా గాల్లోనే ఉండాలి. పోనీ పిడుగు వాడదామా అంటే మాకు పిడుగులకి కొదవలేదు, కాని మేడ మీద ఆయన చేతులు చాచి పిలుస్తుంటే కింద వీధిలో ముసలమ్మలందరూ "అర్జున, ఫల్గుణ, పార్థ, కిరీటి" అని మొదలుపెడతారు, వచ్చే పిడుగు కాస్తా కొండల మీదకి పోతుంది.

అసిస్టెంటు గురించి బెంగ లేదు. 1931 సినిమాలో ఆ గూని అసిస్టెంటు పేరు ఐగోర్ అని లోకమంతా అనుకుంటుంది, కాదు, ఫ్రిట్జ్. మంచి మెదడు ఉన్న సీసా పడేసి, చెడ్డది అని చీటీ అంటించిన సీసా తెచ్చి, చెప్పకుండా ఊరుకుంటాడు. అలాంటి మనిషిని ఈ మధ్యనే ఒక ఆఫీసు కౌంటర్లో చూశాను, నా ఫైలు బదులు ఇంకెవరిదో తెచ్చి ఇచ్చాడు, నేనూ సంతకం పెట్టేసి వచ్చాను.

స్థలం కూడా చూసి ఉంచాను. ఆ సినిమాలో శవం ఉన్న బల్లని గొలుసులతో పైకి లాగడానికి ఇంటికప్పు తెరుచుకోవాలి, దానికి బోలెడు ఖర్చు. మా వీధి చివర పాత మేడకి మొన్నటి తుఫానులో కప్పు పోయింది. గొలుసులు మాత్రం తెచ్చుకుంటే చాలు.