రెండేళ్ల గుర్రప్పిల్ల మీద జీనా?

యజమాని: రెండేళ్లు నిండాయి, ఎత్తూ వచ్చింది. మీరింకా పగ్గం పట్టుకుని నడిపిస్తూనే ఉన్నారు. సవారీ ఎప్పుడు మాస్టారూ?

శిక్షకుడు: మూడు దాటాక. ఎత్తు చూసి మోసపోకండి. ఎముకల కొసల్లో మెత్తటి పెరుగుదల పలకలుంటాయి. కాలి కింది భాగంలోవి ఏడాది లోపే గట్టిపడతాయి. ముంగాలి మోకాలి పైదానికి రెండు, రెండున్నరేళ్లు పడుతుంది. వెన్నుపూసలవైతే అయిదేళ్లు దాటితే గానీ పూర్తికావు. జీను వేసేది వెన్ను మీదే కదండీ.

యజమాని: ఆ లెక్కన ఆరో ఏట ఎక్కాలి, మూడంటారేం? పందెపు గుర్రాలు రెండో ఏటే పరుగెడుతున్నాయి. అలా మొదలుపెట్టినవే ఎక్కువ కాలం నిలిచాయని పరిశోధనలూ ఉన్నాయి. భారం పడితేనే ఎముక బలపడుతుంది, లాయంలో కట్టేస్తే గుల్లబారుతుంది.

శిక్షకుడు: కట్టేయమని నేనెప్పుడన్నాను? ఆ పరిశోధనలు నిజమే. కాకపోతే రెండో ఏట పరుగుదాకా వచ్చేవి ముందే గట్టి పిల్లలు, కుంటినవి ఆ లెక్కలోకి రావు. ఎముకకు కావలసింది ఒత్తిడి, అది మనిషి బరువే కానక్కర్లేదు. మైదానంలో వదిలితే తనంతట తాను తీసే చిన్న చిన్న దౌడులు బాగా పనికొస్తాయి. అలవాటు కాకముందే వేగం పెంచితే ముంగాలి నడి ఎముక ముందువైపు వాస్తుంది, వేలితో నొక్కితే కాలు లాక్కుంటుంది.

యజమాని: మరి మీరు తాడు కట్టి గుండ్రంగా తిప్పుతారే! ఆ మలుపులో కీళ్లు ఒరిపిడి పడవా? తేలికైన మనిషి తిన్నగా పది నిమిషాలు నడిపిస్తే అంతకంటే నయం.

శిక్షకుడు: చిన్న వలయంలో రోజూ తిప్పేవాళ్లకు ఆ మాట గట్టిగానే తగులుతుంది. నేను 20 మీటర్ల వ్యాసానికి తగ్గను, ఒక్కో వైపు అయిదు నిమిషాలకు మించను. మిగతాదంతా వెనక నుంచి పొడవాటి పగ్గాలతో తిన్నగా నడిపించడమే. ఆగడం, మళ్లడం, వెనక్కి జరగడం మనిషి ఎక్కకముందే నేర్చేసుకుంటుంది. జీను కూడా అంతే. ముందు ఉత్త గుడ్డ, తర్వాత పొట్టపట్టీ. పట్టీ ఒక్కో రంధ్రమే బిగించి, నాలుగడుగులు నడిపించి, మళ్లీ బిగించాలి. ఒక్కసారిగా లాగితే వీపు విల్లులా లేచి ఎగురుతుంది, ఆ తర్వాత పట్టీ కనబడితేనే బిగుసుకుంటుంది.

యజమాని: ఇంత సాగదీత ఎందుకండీ? ఒక్క పూటలో లొంగదీసేవాళ్లున్నారు.

శిక్షకుడు: లొంగినట్టు నిలబడుతుంది, అంతే. చెవులు కదలవు, కళ్లు ఎటూ చూడవు. అది భయంతో కొయ్యబారడం, నేర్చుకోవడం కాదు. పగ్గం లాగినప్పుడు కాదు, అది మాట విన్న క్షణంలో వదిలినప్పుడు దానికి అర్థమవుతుంది. వదలడం ఆలస్యమైతే, ఆ క్షణంలో అది చేస్తున్నదే సరైనదనుకుంటుంది, తల ఎగరేయడమైనా సరే.

యజమాని: కళ్లెమైనా ఇప్పుడే అలవాటు చేయొచ్చుగా?

శిక్షకుడు: ముందు పశువైద్యుడికి నోరు చూపించండి. దవడ పళ్లకు ముందు చిన్న అదనపు పన్ను ఉంటే కళ్లెం దానికి తగిలి నొప్పెడుతుంది. రెండున్నర నుంచి నాలుగేళ్ల మధ్య పాలపళ్లు ఊడుతుంటాయి, ఆ రోజుల్లో తల విదిలిస్తే పొగరని కొట్టకండి.

యజమాని: సరే, మూడు నిండగానే ఎక్కుతాను. నా బరువు 92 కిలోలు.

శిక్షకుడు: జీనుతో కలిపి వంద. దీని బరువు 400. ఎదిగిన గుర్రానికే అయిదో వంతు హద్దంటారు. మొదటి ఏడాది మీకంటే తేలికైనవాళ్లనే వెతుక్కోవాలండీ.