బావగారి గొడ్డలి, వేప కామ

కార్తీక వనభోజనాలకు గ్యాసు పొయ్యి మోసుకుపోవడం వనానికీ, భోజనానికీ కూడా అవమానమని మా బావగారు శ్రావణమాసంలోనే తీర్మానించారు. చేవెళ్ల దగ్గర మిత్రులొకరి మామిడి తోటలో, ఉసిరి చెట్టు నీడన, కట్టెల పొయ్యి మీదే వంట జరగాలనీ, ఆ కట్టెలను తామే స్వయంగా చీల్చాలనీ, అందుకొక చేతిగొడ్డలి కావాలనీ ఆ తీర్మానానికి అనుబంధాలు కూడా చేర్చారు. చీల్చిన కట్టెలు అడితిలోనే దొరుకుతాయని అక్కయ్య గుర్తు చేసింది. గోటితో పోయేదానికి గొడ్డలెందుకని పెద్దలు ఊరికే అనలేదని కూడా అంది. తన సంకల్పం నోట వెలువడిందో లేదో, ఇల్లాలి నోట గొడ్డలి పేరు పలకడం శుభశకునమని బావగారు సంతోషించారు.

కొత్త గొడ్డలి కొనడం ఆయన సిద్ధాంతానికి విరుద్ధం. డబ్బుంటే కొత్తది ఎవరైనా కొంటారనీ, చవకగా దొరికిన పాతదానికి ప్రాణం పోయడంలోనే మనిషి ప్రజ్ఞ తెలుస్తుందనీ ఆయన నమ్మకం. అందుచేత ఒక గురువారం ఉదయం నన్ను వెంటబెట్టుకుని హైదరాబాదు జుమ్మేరాత్ బజారుకు బయలుదేరారు. తాళంచెవులు లేని తాళాలు ఒకవైపు, తాళాలు లేని తాళంచెవులు మరొకవైపు పరచి ఉన్న ఆ సంతలో, ఒక గోనెపట్టా మీద తుప్పు పట్టిన ఇనుము గుట్టగా కనిపించేసరికి ఆయన కళ్లు మెరిశాయి.

ఇక్కడ ఆయనకు న్యాయం చేయాలి. ఇనుమును ఎంచుకోవడంలో మా బావగారిని తప్పుపట్టడానికి వీలులేదు. పాత గొడ్డలికి తుప్పు లోపం కాదు, పైపైన పట్టిన తుప్పు రుద్దితే పోతుంది. చూడవలసింది కామ దూర్చే బెజ్జం చుట్టూ పగుళ్లున్నాయా అన్నది. అంచుకు వెనుక ఉండే మొద్దు తల పుట్టగొడుగులా అణిగి విచ్చుకుని ఉంటే, పూర్వపు యజమాని దానిని సుత్తిగా వాడాడని అర్థం. అంచు దగ్గర నీలి ఛాయ కనిపిస్తే, ఎవరో తొందరపడి గ్రైండరు మీద పెట్టి కాల్చేశారనీ, ఆ ఉక్కు మెత్తబడి ఉంటుందనీ అనుమానించాలి. బావగారు జేబులోంచి చిన్న ఆకురాయి తీసి ఒక్కొక్క అంచు మీద గీసి చూశారు: ఆకురాయి వెన్నలోలా దిగిపోతే ఆ ఉక్కుకు పదును నిలవదు, పూర్తిగా జారిపోతే అంచు పెళుసుగా ఉండి పెచ్చులూడుతుంది, కొద్దిగా మొరాయిస్తూ పట్టుకుంటే మంచిది. అమ్మే పెద్దమనిషి ఈ పరీక్షలన్నీ ఓపికగా చూసి, "లేలో సాబ్, అసలీ మాల్" అని మాత్రం అన్నాడు. ముప్పావు కిలోకు కాస్త తక్కువ తూగే తల, పుచ్చిపోయిన మూరెడు కామ, వెల 150 రూపాయలు. తిరుగు ప్రయాణంలో, ఆ ఉక్కు వాలకం చూస్తే నిజామాబాద్ జిల్లా కోనసముద్రం కొలిములలో పుట్టినదే అయి ఉండవచ్చనీ, పూర్వం పర్షియా వర్తకులు అంతదూరం వచ్చి కొనుక్కుపోయినది ఆ ఊరి ఉక్కునేననీ సెలవిచ్చారు. పర్షియా వర్తకుల సంగతి నిజమే. కాని ఆయన చేతిలోని గొడ్డలి పక్కన ఏదో కార్ఖానా ముద్ర సగం అరిగి ఇంకా కనిపిస్తూనే ఉంది.

తుప్పు వదిలించే ఘట్టం వంటింటిలో జరిగింది. వెనిగర్ సీసా కొంటే చాలు, రాత్రంతా నానబెట్టి ఉదయం ఇనుప బ్రష్షుతో రుద్దితే సరిపోతుంది. అయితే ఇత్తడి బిందెలను తళతళలాడించే చింతపండు ఇంట్లో ఉండగా వెనిగర్‌కు డబ్బు తగలేయడం బావగారికి నచ్చలేదు. అక్కయ్య గుడికి వెళ్లిన సమయం చూసి, ఏడాదికి సరిపడా గింజ తీసి జాడీలో దాచుకున్న చింతపండులో గణనీయమైన భాగాన్ని వేడినీళ్లలో పిసికి, గొడ్డలిని అందులో పడుకోబెట్టారు. పులుపు పనిచేసింది, తుప్పు కరిగి, ఇనుము కలిసిన ఆ రసం తెల్లవారేసరికి నల్లటి ద్రవంగా మారింది. వేకువనే లేచిన ఆయన తల్లిగారు ఆ గిన్నెను చూసి, కొడుకు మోకాళ్లనొప్పులకు ఎవరో కషాయం ఇచ్చారనుకుని, పూటకు ఎంత తాగాలో, పథ్యం ఏమిటో కనుక్కోమని కోడలిని నిద్రలేపారు. ఆ తరువాత ఆ ఇంట్లో జరిగిన సంభాషణను ఇక్కడ రాయడం మర్యాద కాదు. పులుపులోంచి తీసిన ఇనుమును వంటసోడా నీళ్లలో కడిగి, వెంటనే తుడిచి, నూనె రాయాలి; ఆ సంభాషణ ముగిసి బావగారు ఆ పనికి తీరిక చేసుకునేలోగా శ్రావణపు తేమకు గొడ్డలి మళ్లీ ఎర్రబడింది. రెండోసారి వెనిగర్ కొన్నారు. దానితోపాటు కొత్త చింతపండూ కొన్నారు.

సాన పట్టడానికి మాత్రం ఆయన తొందరపడలేదు. గొడ్డలిని బల్లకు బిగించి, ఆకురాయిని ముందుకు తోసేటప్పుడు మాత్రమే ఒత్తిపట్టి, వెనక్కి తీసేటప్పుడు పైకెత్తి, సాయంత్రాల తరబడి అరగదీశారు. కూరలు తరిగే కత్తిలా గొడ్డలి అంచును పలుచన చేస్తే మొదటి ముడికే వంకరపోతుంది. రెండు వైపులా కలిపి 25 నుంచి 30 డిగ్రీల కోణం ఉండి, చెక్కిళ్లు కాస్త ఉబ్బెత్తుగా ఉంటేనే అది కట్టెలోకి దిగి పక్కలకు తోస్తుంది. ఈ కొలతలను ఆయన అట్టముక్క మీద గీసి, కత్తిరించి, అంచుకు ఆనించి సరిచూసుకున్నారు. పూర్తయ్యాక ముంజేతి మీద వెంట్రుకలు గొరిగి చూపించారు. పనిమనిషి మొదలు పాలవాడి వరకు ఆ దృశ్యం చూడనివారు లేరు. పండుగ నాటికి ఆయన ఎడమచేయి నున్నగా అయింది.

ఇంత శ్రద్ధ ఇనుముకు దక్కింది. కామకు దక్కినది ఒక్క ఆదివారం మధ్యాహ్నం. ఈ వ్యవహారంలో నాకున్న అభ్యంతరమంతా ఇదే. గొడ్డలి తలకు పగులు లేకపోతే తరాలు నిలుస్తుంది. చేతికీ, కట్టెకూ మధ్య ప్రతి దెబ్బ అదురునూ భరించేది కామ. అడవి పక్క ఊళ్లలో చిరుమాను కర్రకు గిరాకీ ఉండేది అందుకే. తుమ్మ కూడా గట్టిదే. చూడడానికి ఎంత అందంగా ఉన్నా టేకు దెబ్బలకు అంతగా ఓర్చుకోదు. ఏ కర్రయినా దాని పోగు ఈ కొస నుంచి ఆ కొసకు తెగకుండా సాగాలి. అన్నిటికన్నా ముఖ్యంగా అది నీడన నెలల తరబడి ఆరి ఉండాలి. ఆ వారమే గాలివానకు వాళ్ల వీధిలో ఒక వేప కొమ్మ విరిగిపడింది. ఉచితంగా వచ్చిన ఆ కొమ్మను చూసి బావగారు దైవనిర్ణయమన్నారు. చిత్రిక పట్టడానికి వచ్చిన వడ్రంగి మేస్త్రి కొమ్మను గోటితో గిల్లి, పచ్చి కర్ర ఆరేకొద్దీ అడ్డంగా కుంచించుకుపోతుందనీ, సంక్రాంతి దాకా ఆగితే మంచిదనీ చెప్పాడు. సంక్రాంతికి వనభోజనాలుండవు కనుక ఆ సలహాను బావగారు పరిగణనలోకి తీసుకోలేదు. కామ కొసన గాడి కోసి, తలను సుత్తితో మోది ఎక్కించి, గాడిలో కర్ర చీల దిగ్గొట్టి, అది చాలదన్నట్లు రెండు మేకులు కూడా బిగించి, పైన అవిసె నూనె పూసి, మెరిసే ఆ వస్తువును హాల్లో సోఫా పక్కన నిలబెట్టారు. నూనె పీల్చిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేయకుండా ఆరుబయట విప్పి ఆరవేశారు. అవిసె నూనె గుడ్డలు వాటంతటవే వేడెక్కి అంటుకోగలవని ఆయన ఎక్కడో చదివారు. చదివిన విషయాలలో ఆయన ఎన్నడూ పొరపడరు.

ఆశ్వయుజం నాటికి వానలు వెనుకబట్టి గాలి పొడిబారింది. గొడ్డలిని ఊపితే లోపలినుంచి టక్కుటక్కుమన్న శబ్దం వినిపించసాగింది. వనభోజనాల ముందురోజు రాత్రి బావగారు దానిని బకెట్టు నీళ్లలో తలకిందులుగా ముంచి ఉంచారు. తెల్లవారేసరికి కర్ర ఉబ్బి, కదలిక లేకుండా బిగుసుకుంది. ఈ చిట్కా ఊరూరా చేసేదే గాని, దాని వెనుక ఒక మెలిక ఉంది. ఉబ్బిన కర్ర చుట్టూ ఉన్న ఇనుము పక్కకు జరగదు కనుక, ఎటూ పోలేని కర్రపోగులు నలిగిపోతాయి. మళ్లీ ఆరినప్పుడు కామ మునుపటికన్నా సన్నబడుతుంది.

తోటలో ఉసిరి చెట్టుకు పూజ ముగిసింది. గుత్తివంకాయలు కోసి ఉప్పునీళ్లలో పడ్డాయి, బియ్యం కడిగారు. బావగారు పంచె ఎగగట్టి, అందరినీ దూరంగా జరగమని ఆజ్ఞాపించి (ఆ ఒక్క ఆజ్ఞకు ఆయనకు ఎంత రుణపడినా తక్కువే), సర్కారు తుమ్మ మొద్దుల ముందు నిలబడ్డారు. మొదటి మొద్దు నిలువునా చీలింది, చప్పట్లు మోగాయి. రెండోదీ, మూడోదీ చీలాయి. ఎండ నడినెత్తికి వచ్చింది. ఇంకొక దెబ్బకు గొడ్డలి పైకి లేచింది, కామ మాత్రమే కిందికి దిగింది. తల మాత్రం వెనక్కి ఎగిరి, నేల మీద ఒక గెంతు గెంతి, తోట బావి గట్టును తాకి, గుబుక్కుమని నీళ్లలో పడింది. అటువైపు పిట్టకూడా లేకపోవడం కార్తీక దామోదరుడి దయ.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. గొడ్డలి నీళ్లలో పడితే జలదేవత పైకి వచ్చి బంగారు గొడ్డలి ఇస్తుందని మూడో తరగతి చదివే మేనకోడలు మాత్రం బావి గట్టెక్కి ఎదురుచూడసాగింది. జలదేవతకు బదులు తోట కాపలా పెద్దాయన పాతాళగరిగె పట్టుకుని వచ్చాడు. చేద తాడుకు దానిని కట్టి, బావి అడుగున అటూ ఇటూ ఈడ్చి పైకి లాగితే, మొదట పాచి పట్టిన ఇత్తడి చెంబు వచ్చింది. అది పసుపుపచ్చగా మెరవగానే, "మామయ్యా, ఇది నీదేనా?" అని మేనకోడలు గంభీరంగా అడిగింది. కాదని బావగారు నిజాయితీగా ఒప్పుకున్నారు. రెండోసారి స్టీలు గరిటె వచ్చింది. అదీ తనది కాదన్నారు. మూడోసారి గరిగె కొక్కెం ఒకటి సరిగ్గా గొడ్డలి బెజ్జంలోంచి దూరి పైకి వచ్చింది. లోపల కామ గట్టిగా ఉండి ఉంటే ఆ కొక్కెం పట్టేదే కాదని బావగారు అక్కడున్న వారందరికీ వివరించారు. ఇంత సత్యసంధుడికి చెంబూ, గరిటె కూడా దక్కాలని పిల్ల పట్టుబట్టింది. అవి తోట యజమానురాలివని కాపలా పెద్దాయన తేల్చేశాడు.

ఆయన గొడ్డలి తలను తిప్పి చూసి, "పదును మంచిగ పెట్టిండ్రు సార్. కట్టె పచ్చిగున్నప్పుడు దిగ్గొట్టిండ్రు గద, ఎండినంక ఇట్లనే ఊడ్తది" అన్నాడు. గుడిసె చూరులో ఏళ్ల తరబడి ఆరిన తుమ్మ కామ ఒకటి తెచ్చి, బాడిసతో నాలుగు పెచ్చులు తీసి, కొసను బెజ్జంలోకి దూర్చాడు. తరువాత తలను సుత్తితో మోదలేదు. గొడ్డలిని తల కిందికి వేలాడేలా గాలిలో పట్టుకుని, పైకి ఉన్న కామ కొస మీద కర్ర సుత్తితో కొట్టాడు. బరువైన తల ఉన్నచోటనే ఉండిపోతుంటే, కామ దెబ్బదెబ్బకూ అందులోకి దిగిపోయింది. మేకులతో కుస్తీ పట్టిన బావగారు ఆ దృశ్యాన్ని నోరు తెరిచి చూసి, ఇది జడత్వ సూత్రమని వెంటనే పిల్లలకు పాఠం చెప్పారు. ఒక ఎండు చీల దిగాక పెద్దాయన మిగిలిన మొద్దులను ముచ్చటగా చీల్చి పడేశాడు.

విస్తళ్లు పడేసరికి మూడు గంటలయింది. ఆకలి మీద ఉన్నవాళ్లెవరూ గుత్తివంకాయలో ఉప్పు తక్కువైన సంగతి కనిపెట్టలేదు. ఊడిపోయిన వేప కామను అక్కయ్య పొయ్యిలో పెట్టింది. రాత్రంతా నీళ్లు తాగిన ఆ కర్ర మండనంటే మండనని, అవిసె నూనె వాసనతో కలిపి తోటంతా పొగ నింపింది. కళ్లు తుడుచుకుంటున్న తల్లిగారి పక్కన విస్తరి పరుచుకుంటూ, ఇంతసేపటినుంచీ ఒక్క దోమైనా కుట్టిందేమో చెప్పమనీ, వేపపొగ మహిమ తెలిసే ఆ కర్రను ఎంచుకున్నాననీ బావగారు అన్నారు. అక్కయ్య ఆయన విస్తట్లో అన్నం వడ్డించి, పులిహోర గిన్నెను మాత్రం పక్క పంక్తికి పంపించింది.