రెడ్ జాన్ ఎవరు? ఒక వాదోపవాదం

అమెరికాలోని సి.బి.ఎస్. చానల్‌లో 2008 సెప్టెంబరు 23న మొదలై 2015 ఫిబ్రవరిలో ముగిసిన నేరపరిశోధన ధారావాహిక ‘ది మెంటలిస్ట్’. అందులో పాట్రిక్ జేన్ అనే మనిషి తనకు దివ్యదృష్టి ఉందని జనాన్ని నమ్మించి బతుకుతూ, ఒకనాడు టెలివిజన్‌లో కూర్చుని రెడ్ జాన్ అనే వరుసహత్యల హంతకుడిని చులకన చేసి మాట్లాడతాడు. ఇంటికి వెళ్ళేసరికి భార్యా, కూతురూ హత్యకు గురై ఉంటారు. గోడమీద రక్తంతో గీసిన నవ్వుముఖం ఉంటుంది. ఆ తరువాత అతడు సి.బి.ఐ.లో సలహాదారుగా చేరి ఆ హంతకుడి కోసం వెతుకుతాడు. (మన సి.బి.ఐ. కాదు, కథలో చూపిన కాలిఫోర్నియా రాష్ట్ర నేరపరిశోధన సంస్థ.) ఐదవ సీజన్ చివర ఏడుగురు అనుమానితుల పేర్లు బయటపడతాయి. 2013 నవంబరు 24న ప్రసారమైన ఎపిసోడ్‌లో వారిలో ఒకడైన షెరీఫ్ థామస్ మెకలిస్టరే రెడ్ జాన్ అని తేలుతుంది. ఇంకా చూడనివారు ఈ పాటికే తిట్టుకుని ఉంటారు.

ఆ జవాబు వచ్చేలోగా అభిమానులు అల్లిన ఊహలు బలమైనవా, ధారావాహిక ఇచ్చిన తీర్పు బలమైనదా అన్నది ఇక్కడి వివాదం. ఊహల పక్షాన నిలిచినవారు గుంటూరు అరండల్‌పేటలో ఉంటూ క్రిమినల్ కేసుల్లో ముద్దాయిల తరఫున వాదించి విశ్రాంతి తీసుకుంటున్న ఒక వకీలు. తీర్పు పక్షాన నిలిచినది ఆయన అన్నగారి కూతురు శారద. విజయవాడలో కాలేజీ లెక్చరరు. ఇద్దరూ మొత్తం ధారావాహికను చూసినవారే.

బాబాయి: అమ్మా శారదా, ముందుగా ఒక హద్దు గీసుకుందాం. రెడ్ జాన్ ఎంత క్రూరుడన్నది ఇక్కడ ప్రశ్న కాదు. మెకలిస్టర్ మీద మోపిన నేరం రుజువైందా లేదా అన్నదే ప్రశ్న. కళ్ళతో చూసిన సాక్షి లేనప్పుడు సాందర్భిక సాక్ష్యమే ఆధారం. అటువంటి సాక్ష్యాన్ని ఎలా తూచాలో 1984లో సర్దా కేసులో సుప్రీంకోర్టు ఐదు సూత్రాలుగా చెప్పింది, వాటి సారం ఇది: ప్రతి పరిస్థితీ పూర్తిగా రుజువు కావాలి, అవన్నీ గొలుసులా తెగకుండా కలవాలి, ముద్దాయి నిర్దోషి కావచ్చునన్న మరే సమంజసమైన ఊహకూ తావు ఉండకూడదు. ఇప్పుడు ఈ ధారావాహిక చూపిన గొలుసు చూడు. రెడ్ జాన్ ఎడమ భుజం మీద మూడు చుక్కల పచ్చబొట్టు ఉంటుందన్నారు. మలిబూలోని తన పాత ఇంటికి జేన్ అనుమానితులను పిలిపించి తుపాకీ చూపి చొక్కాలు విప్పిస్తే, ఆ బొట్టు ముగ్గురికి ఉంది: మెకలిస్టర్, బెర్ట్రామ్, రీడ్ స్మిత్. అది బ్లేక్ అసోసియేషన్ అనే పోలీసుల రహస్య సంఘం గుర్తు. అంటే అది సభ్యత్వానికి సాక్ష్యమే కాని, హంతకుడి గుర్తింపుకు సాక్ష్యం కాదు. ఆ ముగ్గురిలోనుంచి మెకలిస్టర్‌ను వేరు చేసింది అతడి నోటిమాట తప్ప మరేమిటి?

శారద: బాబాయ్, మీరు గొలుసును చివరి కొసనుంచి పట్టుకున్నారు. మెకలిస్టర్ మనకు ఎప్పుడు పరిచయమయ్యాడో ఒకసారి గుర్తు చేసుకోండి. రెండవ ఎపిసోడ్‌లోనే, నాపా ప్రాంతపు షెరీఫ్‌గా వచ్చాడు. జేన్ అతడితో రాయి, కాగితం, కత్తెర ఆట ఆడి, అందరి ముందూ గెలిచి, వాడి మనసు పుస్తకంలా చదివానన్నట్టు నవ్వాడు. అపరాధ పరిశోధన కథలకు రోనాల్డ్ నాక్స్ 1929లో పది నియమాలు రాశాడు. నేరస్థుడు కథ తొలిభాగంలోనే కనబడాలి, అయితే పాఠకుడు ఎవరి ఆలోచనల వెంట నడుస్తున్నాడో ఆ పాత్ర నేరస్థుడు కాకూడదు అన్నది అందులో మొదటిది. మెకలిస్టర్ ఈ నియమానికి అక్షరాలా సరిపోతాడు. ఏడుగురిలో అభిమానులు ఎక్కువగా పట్టుకున్న మతసంఘం అధిపతి బ్రెట్ స్టైల్స్ సరిపోడు. అతడు రెండవ సీజన్‌కు గాని రాలేదు. రెడ్ జాన్‌ను ఎరిగిన రోజలిండ్ హార్కర్ అనే అంధురాలు ఇచ్చిన వర్ణన కూడా ఉంది: మృదువైన గొంతు, గరుకైన బలమైన చేతులు, పైన్ చెట్టూ మేకులూ మట్టీ కలిసిన వాసన. అది పల్లెపట్టున తిరిగే షెరీఫ్ వాసనే కాని, మఠాధిపతి వాసన కాదు.

బాబాయి: ఘాటు తగిలిన ప్రతివాడినీ మిర్చి యార్డు కమిషన్ ఏజెంటు అనలేం. ఆ వర్ణన వడ్రంగికి సరిపోతుంది, తోటమాలికి సరిపోతుంది, సెలవుదినం పెరట్లో కంచె కట్టుకునే న్యాయమూర్తికీ సరిపోతుంది. ఇక తొలిభాగంలో కనబడినవాడు మెకలిస్టర్ ఒక్కడేనా? ఏడుగురిలో ఉన్న పార్ట్రిడ్జ్ అనే ఫోరెన్సిక్ ఉద్యోగి మొదటి ఎపిసోడ్‌లోనే, అదీ రెడ్ జాన్ పేరిట జరిగిన హత్యాస్థలంలోనే ఉన్నాడు. నాక్స్ నియమం ప్రకారం ముందు వరస అతడిది.

శారద: అతడిని ఆరవ సీజన్ మొదట్లోనే చంపేశారు కదా.

బాబాయి: చంపేశారు కనుక నిర్దోషి అంటావా? అనుమానితుడు చనిపోతే కేసు ఆగిపోతుంది గాని నిర్దోషిత్వం రుజువు కాదు. సరే, పార్ట్రిడ్జ్‌ను వదిలేద్దాం, నేను అతడి తరఫున రాలేదు. నా పక్షం స్పష్టంగా చెబుతాను. రెడ్ జాన్ ఒక మనిషి కాదు, ఒక పదవి. చాలామంది అభిమానులు 2013కు ముందే ఈ మాట అన్నారు. ఒకే వ్యక్తి జైలు గోడల లోపల మనుషులను చంపించడం, పోలీసు శాఖల్లో తన మనుషులను నింపుకోవడం, జేన్ వేసే ప్రతి అడుగునూ ముందే తెలుసుకోవడం, ఇదంతా చేస్తూ మారుమూల ప్రాంతంలో షెరీఫ్ కొలువు వెలగబెట్టడం నమ్మదగినదేనా? చివరికి రహస్య సంఘం ఒకటి ఉందని ధారావాహికే ఒప్పుకున్నది. ఒప్పుకున్నాక, ఆ సంఘమే రెడ్ జాన్ అన్న ఊహను తోసిపుచ్చడానికి మిగిలిన ఆధారం ఏమిటి?

(శ్రోతగా ఒక మాట. అభిమానుల ఊహలన్నిటిలో నాకు నమ్మకం కుదిరినది ఇదొక్కటే. అయితే శారద దీనికి ఇచ్చిన జవాబు నేను ఊహించని వైపునుంచి వచ్చింది.)

శారద: ఆధారం మొదటి ఎపిసోడ్‌లోనే ఉంది. జేన్ కుటుంబం ఎందుకు చనిపోయింది? అతడు టెలివిజన్‌లో, రెడ్ జాన్ వికారమైన మనిషి అనీ, లోలోపల నలిగిపోయే అల్పుడు అనీ, ఒంటరివాడు అనీ అన్నాడు కనుక. ఆ మాటలకు ఎవరికి కోపం వస్తుంది? సంఘానికి అవమానం తగలదు, బాబాయ్, మనిషికే తగులుతుంది. వేలమంది శిష్యులున్న స్టైల్స్‌ను తీసుకోండి. పత్రికలవాళ్ళు, విచారణ అధికారులు రోజూ అంతకన్నా పెద్ద మాటలు అంటుంటే నవ్వుతూ టీ తాగే మనిషి అతడు. ఎవడో టీవీ జ్యోతిష్కుడు అల్పుడు అన్నాడని అర్ధరాత్రి ఒక పసిపిల్లను చంపడానికి అతడు కత్తి పట్టుకుని వెళ్ళడు. వెళ్ళేవాడు నిజంగానే అల్పుడై ఉండాలి, ఒంటరివాడై ఉండాలి, తనను ఎవరూ గుర్తించరన్న మంట ఉన్నవాడై ఉండాలి. అభిమానులు మెకలిస్టర్‌ను చూసి, ఇంత మామూలు మనిషా అని నిరాశపడ్డారు. వాడు మామూలువాడు కావడమే ఈ కేసులో హేతువు.

బాబాయి: బాగా చెప్పావు, అయితే సాక్షి ఎవరో మరిచిపోయావు. జేన్ ఆనాడు మోసగాడు. తనకు లేని దివ్యదృష్టి ఉన్నట్టు నటిస్తూ నోటికి వచ్చిన వర్ణన చేశాడు. దొంగసాక్షి చెప్పినదాన్ని నిజమని పట్టుకుని, దానికి సరిపోయే ముద్దాయిని వెతుకుతున్నావు.

శారద: అతడి మాట నిజమని నేను అనడం లేదు. ఆ మాట తగిలిందని అంటున్నాను. తగిలినట్టు సాక్ష్యం రెండు శవాలు.

బాబాయి: (కొంతసేపు ఆగి) ఆ అంశం మీద నా జవాబు తరువాత చెబుతాను. మరణ వాంగ్మూలం సంగతి చూద్దాం. మొదటి సీజన్‌లో, రెడ్ జాన్ ఎవరో ఎరిగిన జారెడ్ రెన్‌ఫ్రూ అనేవాడు చనిపోతూ గోడమీద రక్తంతో ‘హి ఈజ్ మార్’ వరకు రాసి ఆగిపోయాడు. ఎవరిని ఉద్దేశించాడన్నది అభిమానులు ఏళ్ళ తరబడి తర్కించారు. మార్క్ అన్నవారు, మార్షల్ అన్నవారు ఉన్నారు; వాడు ‘మెనీ’, అంటే అనేకులు అని రాయబోయి చేయి తడబడిందన్నవారూ ఉన్నారు. మెకలిస్టర్ పేరుకు మాత్రం ఆ అక్షరాలు ఏ విధంగానూ పొసగవు. మరణ వాంగ్మూలం ఎంత విలువైనదో పాకాల నారాయణస్వామి కేసునుంచి ప్రతి తెలుగు వకీలుకూ తెలుసు. పూరీ రైల్వేస్టేషన్‌లో ట్రంకుపెట్టెలో శవం దొరికిన ఆ కేసులో, బయలుదేరే ముందు భార్యతో హతుడు అన్న మాటను 1939లో, అప్పట్లో మనకు ఆఖరి అప్పీలు కోర్టైన లండన్ ప్రివీ కౌన్సిల్ సాక్ష్యంగా స్వీకరించింది. ఏ టెలివిజన్ ధారావాహికకూ తీసిపోని కథ అది. మనవాళ్ళు ఎవరూ ఎందుకు తీయరో నాకు అర్థం కాదు.

శారద: అదే ప్రివీ కౌన్సిల్ 1950లో, జమైకానుంచి వచ్చిన, ‘వా’ అనే ముద్దాయి కేసులో చెప్పినది కూడా మీ దగ్గరే విన్నాను. చనిపోయే మనిషి వాక్యం మధ్యలో స్పృహ తప్పితే, మిగిలిన సగంలో ఏం చెప్పేవాడో తెలియదు కనుక ఆ వాంగ్మూలం చెల్లదన్నారు. మూడక్షరాల దగ్గర ఆగిన రాత మెకలిస్టర్‌కు వ్యతిరేకంగా చెల్లనట్టే అనుకూలంగానూ చెల్లదు.

బాబాయి: ఇంట్లో మాట్లాడుకున్నవి ఎదురుపక్షానికి ఆయుధాలు అవుతాయని మీ నాన్న నన్ను హెచ్చరిస్తూనే ఉన్నాడు. సరే, వాంగ్మూలాన్ని పక్కన పెడదాం. ఒప్పుకోలు మాటేమిటి? చివర్లో పార్కులో జేన్ మెకలిస్టర్ గొంతు నులుముతూ, కళ్ళు రెండుసార్లు ఆర్పితే అవును అన్నట్టు అని చెప్పి, నా భార్యాబిడ్డలను చంపినందుకు చింతిస్తున్నావా అని అడిగితే ఆర్పిన కళ్ళు ఒప్పుకోలు అవుతాయా? బెదిరింపుతో రాబట్టిన ఒప్పుకోలు పాత సాక్ష్యాధార చట్టం 24వ సెక్షన్ కింద చెల్లదు; కొత్త చట్టంలోనూ అంతే.

శారద: అంతకుముందే ప్రార్థనామందిరంలో వాడు తనంతట తాను బయటికి వచ్చి, నేనే రెడ్ జాన్‌నని గొప్పలు చెప్పుకున్నాడు. అప్పుడు తుపాకులు వాడి పక్షాన ఉన్నాయి. జేన్ కోటులోనుంచి పావురం ఎగిరి వాడు బెదిరే వరకూ ఆ మందిరంలో బెదిరింపు అనేది ఏదైనా ఉంటే అది జేన్‌కే. అది స్వచ్ఛందమైన ఒప్పుకోలు కాదా?

బాబాయి: స్వచ్ఛందమే, నిజమా అన్నది వేరు. మూడవ సీజన్ చివర తిమోతీ కార్టర్ కూడా నేనే రెడ్ జాన్‌నన్నాడు. జేన్ నమ్మి, జనం మధ్యలో కాల్చి చంపాడు. జూరీ వదిలిపెట్టింది, తరువాత కార్టర్ రెడ్ జాన్ కాడని తేలింది. పైగా ఆ పాత్రకు పేరున్న నటుడిని పెట్టారు, ఇంత పెద్ద నటుడిని ఊరికే పిలవరు కదా అని ప్రేక్షకుడు అనుకోవాలని. మన సినిమాల్లో పారితోషికాన్ని బట్టి ఇంటర్వెల్ కన్నా ముందే విలన్‌ను పట్టేసే అలవాటు మనకూ ఉంది కదా, అదే బలహీనత మీద ఆడుకున్నారు. స్టైల్స్‌గా మాల్కమ్ మెక్‌డొవెల్‌ను చూసి అభిమానులు మోసపోయినదీ అందుకే, అది నేను ఒప్పుకుంటాను. కాని నేనే వాడినని చెప్పే మనుషులు ఇద్దరు దొరికినప్పుడు, రెండవవాడి మాట మాత్రమే నిజమని ఎలా తేల్చావు?

శారద: మెకలిస్టర్ చనిపోయాక రెడ్ జాన్ హత్యలు ఆగిపోయాయి. కార్టర్ చనిపోయాక ఆగలేదు.

బాబాయి: అదే సమయానికి సంఘం బట్టబయలైంది, సి.బి.ఐ.నే మూసివేశారు. గుంపు చెదిరితే హత్యలు ఆగవా? ఇంకొకటి అడుగుతాను, దీనికి జవాబు చెప్పు. ఏడుగురు అనుమానితుల పట్టిక జేన్ మనసులో తయారైంది. రెడ్ జాన్‌తో నువ్వు ఒకప్పుడు చేయి కలిపావని వాడి అనుచరురాలు లొరెలై జేన్‌తో నోరుజారితే, తాను చేయి కలిపిన వందలమందినుంచి వడపోసి చేసిన పట్టిక అది. ఆ ఏడు పేర్లనూ రెడ్ జాన్ ముందే వీడియో తీయించి పంపాడు. ఎలా తెలిసింది?

శారద: దానికి ధారావాహిక సరైన జవాబు ఇవ్వలేదు. మెకలిస్టర్ తనకు అతీతశక్తులు ఉన్నట్టు మాట్లాడాడు, అంతే. అది రచయితలు తీర్చని బాకీ, నేను సమర్థించను. అయితే మీ సంఘం కూడా దానికి జవాబు చెప్పలేదు. ఎంత పెద్ద సంఘమైనా ఒక మనిషి తలలో ఉన్న పేర్లు చదవలేదు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగే ఊహ ఒక్కటే ఉంది: జేనే రెడ్ జాన్ అన్నది.

బాబాయి: అవునమ్మా. నాక్స్ నియమంలో రెండవ సగం దానిని నిషేధించింది, రెండవ సీజన్ చివర కుర్చీకి కట్టేసిన జేన్ ఎదుట ముసుగు వేసుకున్న రెడ్ జాన్ నిలబడి ఆంగ్లకవి విలియం బ్లేక్ కవిత చదివిన దృశ్యం కూడా దానిని కొట్టివేసింది. అయినా ఆ ఊహ చావలేదు. మూర్ఖత్వం వల్ల కాదు. ఆ పట్టికకు జవాబు అదొక్కటే ఇచ్చింది. విచారణ ఒక రంధ్రాన్ని పూడ్చకుండా వదిలేస్తే జనం అందులోకి ఎవరిని తోస్తారో చెప్పలేం. అందుకే నా తీర్పు ఇది. కుట్ర నేరం, అంటే 120-బి, మెకలిస్టర్ మీద రుజువైంది. హత్యానేరం 302 మీద సంశయలాభం ఇచ్చి వదిలిపెట్టాలి.

(కొత్త న్యాయసంహితలో అవి 61, 103 సెక్షన్లు అయ్యాయి. ఆయన నోటికి పాత అంకెలే వస్తాయి.)

శారద: హత్యకు కుట్ర చేసినవాడికి పడే శిక్ష, హత్యకు తోడ్పడినవాడికి పడే శిక్షే, అంటే హంతకుడి శిక్షే కదా? శిక్షలో తేడా లేనప్పుడు మీ అభ్యంతరం దేనికి?

బాబాయి: ప్రేక్షకుడు శిక్ష అడగలేదు. ఐదేళ్ళపాటు పేరు అడిగాడు. నువ్వు చూపిస్తున్న పేరు ఎంతకాలమో తెరమీద కనబడనే లేదు.

శారద: 2008 సెప్టెంబరు 30న కనబడింది. ఆ ఎపిసోడ్‌లో మీరూ నేనూ జేన్ నవ్వును చూస్తూ కూర్చున్నాం గాని, ఆటలో ఓడిపోయినవాడి ముఖం చూడలేదు. కావాలంటే రెండవ ఎపిసోడ్ ఇప్పుడే పెడతాను, ఈసారి అటు చూడండి.

బాబాయి: పెట్టు. ఓడిపోయినందుకు ముఖం మాడ్చుకోవడం ఏ సెక్షన్ కిందికి వస్తుందో కూడా అప్పుడే అడుగుతాను.