సవరణ: లెద్నిత్సె కోటకు ఒక్క టికెట్ సరిపోదు

చెక్ రిపబ్లిక్‌లోని లెద్నిత్సె కోట గురించి ఇదివరకటి పోస్టులో ఒకే టికెట్‌తో అన్నీ చూడొచ్చనీ, అక్కడి మినారెట్ (మసీదు మినార్‌లా కనిపించే ఎత్తైన బురుజు) కోటకు వెనకే ఉందనీ రాశాం. రెండూ సరికాదు.

కోట లోపలి గదులు గైడు వెంటే చూడాలి, ఒక్కో టూర్‌కు విడి టికెట్. గ్రంథాలయంలోని ఓక్ చెక్క మెలిక మెట్లు చూడాలంటే ప్రధాన గదుల టూరే తీసుకోవాలి. మెట్ల కటకటాల మీది ఆకుల చెక్కడం అంత సన్నగా ఎలా తీశారో దగ్గర్నుంచి చూస్తేనే తెలుస్తుంది. 1840లలో కట్టిన అద్దాల మొక్కల శాలకూ, మినారెట్‌కూ టికెట్లు వేరే. తోటలోకి మాత్రం ప్రవేశం ఉచితం.

మినారెట్ తోటకు అవతలి కొసన, చెరువు దాటాక వస్తుంది. నడకకు అరగంట పెట్టుకోండి. సుమారు 60 మీటర్ల ఎత్తు, 302 మెట్లు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను కింద నీడలో కూర్చోబెట్టడమే మేలు. అది మసీదు కాదు. అప్పటి కోట యజమానులైన లీచ్టెన్‌స్టైన్ వంశస్థులు 1797–1804 మధ్య తోటకు అలంకారంగా కట్టించిన బురుజు.

చాలామంది దెబ్బతినేది సమయం దగ్గరే: ముందు మినారెట్‌కు వెళ్లి, తిరిగొచ్చేసరికి టూర్ దాటిపోతుంది. కోట టూర్ ముందు ముగించండి. సాధారణంగా సోమవారం కోట సెలవు. రైల్లో వస్తే దగ్గరి పట్టణం బ్రెత్స్లావ్‌లో దిగి బస్సెక్కాలి.