నేను సారీ చెప్పను, నాకు శాంతి ముఖ్యం

క్షమాపణ చెప్తే శాంతి వస్తుందని ఒక వదంతి చాలాకాలంగా తిరుగుతోంది. ఎవరు పుట్టించారో తెలీదు గానీ అది ఎంవీపీ కాలనీలో మా అపార్ట్‌మెంటు దాకా వచ్చేసింది కాబట్టి ఇప్పుడు ఖండించక తప్పడం లేదు. మూడేళ్లుగా నేను ఒక మనిషికి సారీ చెప్పకుండానే శాంతిని కాపాడుకుంటూ వస్తున్నాను. ఈ మూడేళ్లలో ఆయనకీ నాకూ ఒక్క గొడవ లేదు. మాటే లేదు, ఇంక గొడవెక్కడిది? దీన్ని శాంతి అనకపోతే ఇంకేమంటారో చెప్పండి.

జరిగింది చిన్నదే. మూడేళ్ల కిందట మే నెలలో ఒక ఆదివారం నీళ్ల మోటారు వేసే వంతు నాది. వేశాను. వేసి, మ్యాచ్ ఆఖరి ఓవర్లలో ఉందని టీవీ ముందు కూర్చున్నాను. ఆ తర్వాత ట్యాంకు తన పని తాను చేసుకుపోయింది, నిండింది, పొంగింది, మేడంతా పారింది. సరిగ్గా ఆ పారే దారిలో రెండో అంతస్తు మాస్టారి భార్య పాత పంచె పరిచి బూడిద గుమ్మడికాయ వడియాలు పెట్టుకుని ఉన్నారు. విశాఖలో వడియం ఎండడమంటే మాటలు కాదని ఇక్కడ కాపురం చేసినవాళ్లకి తెలుసు, పొద్దున్నుంచి ఎండబెడితే సాయంత్రానికి సముద్రం గాలి వచ్చి సగం తేమ తిరిగిచ్చేసి పోతుంది. మూడు రోజులు అలా గాలితో పోట్లాడి ఎండబెట్టినవి పది నిమిషాల్లో మళ్లీ పిండైపోయాయి.

మాస్టారు మెట్లెక్కి వచ్చి, ఆ పంచెని చూసి, నన్ను చూశారు. ఏమీ అనలేదు. అలా ఊరుకోవడమే ఆయన చేసిన తప్పు. ఒక్క మాట అన్నా నేను తగ్గేవాణ్నేమో. ఆయన ఊరుకునేసరికి నిజం నాకే స్పష్టంగా కనిపించింది, దాంతో కంగారుపడి "ట్యాంకు పక్కన ఎవరైనా వడియాలు పెడతారాండీ?" అనేశాను. ఆయన పంచె నాలుగు కొసలూ పట్టుకుని మూట కట్టుకుని కిందికి దిగిపోయారు. శాంతి మొదలైంది.

అప్పుడే సారీ చెప్పేస్తే పోయేది కదా అని అడిగేవాళ్లుంటారు. ఎలా చెప్పాలి, ఏ మాటతో చెప్పాలి? మన భాషలో ఉన్న సరుకు ఒకసారి చూద్దాం. "క్షమించండి" అనేది నాటకాల్లో రాజుగారితో అనే మాట, మేడ మీద లుంగీలో నిలబడి అంటే నప్పదు. "మన్నించండి" పెళ్లి శుభలేఖల చివర "పొరపాట్లుంటే" అన్న షరతుతో వాడుకుంటాం. "తప్పయిపోయింది" అన్నదాంట్లో తప్పు దానంతటదే అయిపోయింది, మనం పక్కనుండి చూశామంతే. ఇక మిగిలింది "ఏమీ అనుకోకండి". ఇది మాత్రం మన జాతి ప్రపంచానికిచ్చిన కానుక. తప్పు చేసింది నేను, పని పడింది ఎదుటివాడికి. అనుకోకుండా ఉండాల్సిన బాధ్యత వాడిది, అనుకుంటే ఆ నేరం కూడా వాడిదే. పైగా దీన్ని ముందుగానే వాడుకోవచ్చు. "ఏమీ అనుకోకండి గానీ, మీ అబ్బాయికి ఆ ఉద్యోగం ఎక్కువేమో" అని అడ్వాన్సు కట్టేసి తీరిగ్గా అవమానించవచ్చు.

అలాగని మనకి క్షమాపణ తెలియదనకండి. పుస్తకానికి కాలు తగిలితే కళ్లకద్దుకుంటాం. వినాయకుడి ముందు గుంజీలు తీస్తాం. గుడిలో ఎవరూ అడగకుండానే లెంపలేసుకుంటాం. పూజ చివర చదివే శ్లోకంలో రాత్రీ పగలూ వేల అపరాధాలు చేస్తున్నానని నోరారా ఒప్పుకుంటాం. నేను ఆ మే నెల సోమవారం ఉదయం కూడా ఒప్పుకున్నాను, వేలు అన్నాను కాబట్టి వడియాలు కూడా అందులో కలిసే ఉంటాయి. దేవుడికి హోల్‌సేల్లో చెప్పేశాక మళ్లీ రెండో అంతస్తులో చిల్లరగా చెప్పడమెందుకు?

రోడ్డు మీద చూసుకున్నా అంతే. మద్దిలపాలెం జంక్షన్‌లో రెండు బళ్లు ముట్టుకుంటే ఇద్దరి నోట్లోంచి ఒకేసారి వచ్చే మాట "ఏటి, కనపడట్లేదేటి?" అని. ఎవడు ముందంటే వాడిది న్యాయం. ఒక్కోసారి పొరపాటున ఎవడో కుర్రాడు "సారీ అన్నా" అంటాడు, అప్పుడు చూడాలి రెండోవాడి అవస్థ. తిట్టడానికి సిద్ధం చేసుకున్న మాటలన్నీ నోట్లోనే ఉండిపోయి, బండి స్టార్టు కూడా చెయ్యలేక, వెనకాల హారన్లు మోగుతున్నా దిక్కులు చూస్తుంటాడు. ట్రాఫిక్ జాములకి ఇదీ ఒక కారణమని నా పరిశీలన.

పెద్దవాళ్లు చెప్పే క్షమాపణల మీద కూడా నేను కొంత అధ్యయనం చేశాను (మాట్లాడేవాళ్లు తగ్గితే చదువుకోవడానికి చాలా టైము దొరుకుతుంది). స్టేషన్లో బండి ఆలస్యమైతే రికార్డు చేసిన గొంతు "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము" అంటుంది. చూడండి ఆ వాక్యం అందం. అసౌకర్యం మీకు కలిగింది. ఎవరు కలిగించారో లేదు. చింత మాత్రం మాది. ఈ విద్యలో నాకు గురువులనదగ్గవాళ్లు బ్రిటన్ వాళ్లు. 1919 ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగ్‌లో కాల్పులు జరిపితే, సరిగ్గా వందేళ్లు నిండడానికి మూడు రోజుల ముందు, 2019 ఏప్రిల్ 10న ప్రధాని థెరెసా మే పార్లమెంటులో నిలబడి అదొక సిగ్గుచేటైన మచ్చ అనీ, తీవ్రంగా చింతిస్తున్నామనీ అన్నారు. క్షమాపణ అన్న మాట మాత్రం రానివ్వలేదు. వందేళ్లు ఆలోచించి కూడా గడప దాకా వచ్చి తలుపు కొట్టకుండా వెనక్కి వెళ్లిపోవడానికి ఎంత నిగ్రహం కావాలో మూడేళ్ల అనుభవం ఉన్న నాకు అర్థమవుతుంది.

జపాన్ సంగతి వేరు. అక్కడ 2017 నవంబరులో ఒక రైలు ఇరవై సెకన్లు ముందు బయల్దేరిందని ఆ రైలు కంపెనీ బహిరంగంగా క్షమాపణ చెప్పింది. ఇరవై సెకన్లు, ఆలస్యం కూడా కాదు! ఆ వార్త చదివి నాకు మా ఊరి లెక్క ఒకటి గుర్తొచ్చింది. 1942 ఏప్రిల్ 6న ఇదే జపాన్ విమానాలొచ్చి విశాఖ మీద బాంబులేశాయి. అప్పుడు పేలకుండా మిగిలినది ఒకటి బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియంలో ఉంది, వెళ్లి చూసుకోవచ్చు. దానికి సంబంధించి వాళ్ల ప్రధాని మురయామా 1995 ఆగస్టు 15న, యుద్ధం ముగిసిన యాభయ్యో ఏడాది, ఆసియా జనాలందరికీ కలిపి క్షమాపణ చెప్పాడు. మన పేరు విడిగా ఎత్తలేదు గానీ అందరిలో మనమూ ఉన్నామనే అనుకోవాలి, భోజనాలకి ఊరంతటినీ పిలిచినప్పుడు ఇంటింటికీ పేరుపేరునా రారు కదా. నాకు ఇందులో నచ్చింది గడువు. బాంబుకి యాభై మూడేళ్లు పట్టింది. ఆ లెక్కన వడియాలకి నాకింకా యాభయ్యేళ్లు వాయిదా ఉంది, తొందరేముంది?

ఒక్క మనిషి దగ్గర మాత్రం నా వాదన కొంచెం ఇబ్బంది పడుతుంది. పశ్చిమ జర్మనీ ఛాన్సలర్ విల్లీ బ్రాంట్ 1970 డిసెంబరు 7న వార్సాలో, నాజీల మీద తిరగబడి చనిపోయిన యూదుల స్మారకం దగ్గర పూలదండ ఉంచి, రిబ్బను సర్ది, తడి నేల మీద రెండు మోకాళ్ల మీదా కూర్చుండిపోయాడు. ఒక్క మాట మాట్లాడలేదు. వింతేమిటంటే ఆయన చేసిన తప్పేమీ లేదు, హిట్లర్‌ని ఎదిరించి, కుర్రతనంలోనే నార్వే పారిపోయి ప్రాణం కాపాడుకున్నవాడు. చేసినవాళ్ల తరఫున చెయ్యనివాడు మోకరిల్లాడు. అప్పట్లో ఒక జర్మన్ పత్రిక జనాన్ని అడిగితే నూటికి 48 మంది ఇది అతి అన్నారు, తగిన పనే అన్నవాళ్లు 41 మంది. నేను ఆ 48 పక్షం. మరుసటి ఏడాదే ఆయనకి నోబెల్ శాంతి బహుమతి వచ్చిందంటారా, రావచ్చు. నాకు మోకాళ్ల నొప్పులున్నాయి కాబట్టి ఆ పద్ధతి ఎలాగూ కుదరదు.

ఇక మా అపార్ట్‌మెంటు శాంతి ఎలా నడుస్తోందో చెప్తాను. మాస్టారు లిఫ్టు దగ్గరికొస్తే నేను మెట్లెక్కుతాను. నేను లిఫ్టు దగ్గర ఉంటే ఆయన మెట్లెక్కుతారు. దీనివల్ల నా షుగరు తగ్గింది, సారీ చెప్పి ఉంటే ఈపాటికి మాత్ర డోసు పెరిగేది. అసోసియేషన్ మీటింగులో ఆయన లైట్ల గురించి మాట్లాడితే నేను గోడవైపు చూస్తూ "కొంతమంది అభిప్రాయం" అంటాను. ట్యాంకుకి ఆటోమేటిక్ స్విచ్ పెట్టించాలన్న తీర్మానం వచ్చినప్పుడు నేనే మొదట చెయ్యెత్తాను, నా వాటా కూడా ముందుగా కట్టాను, ఇది క్షమాపణ కిందికి రాదని మినిట్స్‌లో రాయించమన్నాను. సెక్రటరీ రాయలేదు, అది వేరే గొడవ.

మధ్యవర్తిగా వాచ్‌మన్ ఉన్నాడు, శ్రీకాకుళం వైపు మనిషి. ఐక్యరాజ్యసమితిలా అందరి మాటా వింటాడు, ఎవరినీ ఏమీ చెయ్యలేడు. ఒకసారి "ఏటి బాబూ, ఓ మాట సెప్పీస్తే పోద్ది కదా" అన్నాడు. నాకు చాలా కోపమొచ్చింది, అంత సులువైతే ఇన్ని దేశాలు ఇన్నేళ్లు ఎందుకు తంటాలు పడుతున్నాయోయ్ అని అడిగాను. "దేశాల్లోన మోటారు ఎవలేసీసినారు బాబూ" అన్నాడు.

అసలు సారీ లేకుండానే కలిసిపోయిన చరిత్ర ఈ ఊరికి ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి వెళ్లాక కరెంటు లేదు, నీళ్లు లేవు, ఫోన్లు లేవు. అప్పట్లో మేము సీతమ్మధారలో అద్దెకుండేవాళ్లం. గోడ విషయంలో ఏళ్ల తరబడి మొహమొహాలు చూసుకోని రెండిళ్లవాళ్లు ఒకే ట్యాంకర్ దగ్గర ఒకరి బకెట్టు ఒకరు పట్టుకున్నారు. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పుకోలేదు. కాబట్టి మళ్లీ అంత పెద్ద తుపాను కోసం ఎదురుచూడడం కూడా నా దృష్టిలో మంచి మార్గమే, ఊరికి కాస్త ఖర్చవుతుంది గానీ నా గౌరవానికి ఏ నష్టమూ ఉండదు.

అయినా పోయిన నెల ఒక బలహీన క్షణంలో కాగితం పెన్నూ తీసుకుని కూర్చున్నాను. "మాస్టారికి నమస్కారం. ఆనాటి ఘటనలో ఒకవేళ ఎవరికైనా, ఏ విధంగానైనా ఇబ్బంది కలిగి ఉన్నట్లయితే" దాకా వచ్చింది. బాగా కుదిరిందనిపించి మా ఆవిడకి చదివి వినిపించాను. ఆవిడ కూర తరుగుతూ "ఎవరికైనా ఏంటండీ, వడియాలు ఎవరివో తెలీదా మీకు?" అంది. ఆ ఒకవేళ తీసేస్తే వాక్యం నిలబడదని నచ్చచెప్పబోయాను. ఆవిడ కత్తిపీట పక్కన పెట్టి, ఇంక దాచి లాభం లేదనుకుందో ఏమో, నిదానంగా చెప్పింది. ఆ గొడవైన మర్నాడు పొద్దున్నే రైతు బజార్లో పిన్నిగారు కనిపించారట. "మా ఆయన చాలా బాధపడుతున్నారు పిన్నిగారూ, మీకు మొహం చూపించలేక నన్ను చెప్పమన్నారు, తప్పు మాదే" అని మా ఆవిడ అనేసిందట. గుమ్మడికాయ కూడా తనే కొనిచ్చిందట. మాస్టారు ఆ సాయంత్రమే "పాపం, మొహమాటస్తుడు" అని నన్ను క్షమించేశారట.

మరి ఆ మెట్లెక్కడం ఏంటని అడిగాను. ఆయనకి గుండె డాక్టరు చెప్పాడట, లిఫ్టు ఎక్కొద్దని.

అంటే మూడేళ్లుగా నేను ఒంటరిగా యుద్ధం చేస్తున్నానన్నమాట, అదీ నా తరఫున ఎవరో ఎప్పుడో సంతకం పెట్టి లొంగిపోయాక. ఇది చెల్లదని మా ఆవిడతో గట్టిగానే వాదించాను. నా అనుమతి లేదు, నా సంతకం లేదు, చెయ్యనివాళ్లు చేసినవాళ్ల తరఫున చెప్పడమేంటి అన్నాను. ఆవిడ వినకుండా కంచం పెట్టింది. ముద్దపప్పు, నెయ్యి, ఆవకాయ, పక్కన గిన్నెడు వడియాలు. ఇవి ఎక్కడివని అడగబోయి ఆగాను. రెండేళ్లుగా తింటున్నవే, మూకుట్లో పువ్వులా విచ్చుకునే రకం, మా ఆవిడ చేతి వడియాలు ఎప్పుడూ అలా విచ్చుకోవు.

క్షమాపణ చెల్లదని ఆవిడకి మరోసారి గుర్తుచేసి, ఇంకో నాలుగు వెయ్యమన్నాను.