క్లౌడ్‌కు దారి ఒక్కటేనా?

చెన్నైలోని అంబత్తూరు పారిశ్రామికవాడలో సరుకు ఎక్కించిన లారీ గేటు దగ్గరే నిలబడిపోయిందంటే డ్రైవరు రాలేదనో, డీజిల్ లేదనో అనుకోనక్కర్లేదు. నెట్ పోయి ఉంటుంది. 2023 ఆగస్టు 1 నుంచి టర్నోవరు 5 కోట్లు దాటిన సంస్థలు మరో వ్యాపార సంస్థకు సరుకు పంపాలంటే ప్రభుత్వ పోర్టల్ నుంచి నెట్‌లో ఈ-ఇన్‌వాయిస్ నంబరు తీసుకోవడం తప్పనిసరి. యజమాని ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టి ఎలాగోలా ఒక బిల్లు లాగిస్తాడు. స్టాకు, జీతాలు, డ్రాయింగులు కూడా క్లౌడ్‌లోనే, అంటే నెట్ ద్వారా వాడుకునే అద్దె సర్వర్లలోనే ఉన్నప్పుడు షెడ్డు మొత్తాన్ని ఆ ఒక్క ఫోనూ మోయలేదు.

క్లౌడ్‌కు మారడం తప్పని మేము అనడం లేదు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల్లో చాలావాటిపై సుంకాన్ని 50 శాతానికి పెంచింది. రేపటి ఆర్డరు ఎంతో తెలియని రోజుల్లో లక్షలు పోసి సర్వరు కొనేకంటే, వాడుకున్నంతకే అద్దె కట్టడం తెలివైన పని. అంబత్తూరులో ఒక షెడ్డు, ఆంధ్ర సరిహద్దులోని శ్రీసిటీ పారిశ్రామికవాడలో మరొకటి నడిపే మనవాళ్లకు రెండుచోట్లా ఒకే లెక్క కనబడటం చిన్న సౌకర్యమేమీ కాదు.

చిక్కంతా దారితోనే. సింగపూర్ నుంచి సముద్రగర్భ కేబుల్ 2002లోనే చెన్నై తీరం చేరింది. అండమాన్‌కు 2,300 కిలోమీటర్ల కేబుల్ 2020లో ఇక్కడి నుంచే వెళ్లింది. మైక్రోసాఫ్ట్ దక్షిణ భారత క్లౌడ్ కేంద్రమూ ఈ నగరంలోనే ఉంది. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు, పారిశ్రామికవాడ చివరి షెడ్డుకు వచ్చేసరికి నెట్ కేబుల్ వీధి దీపాల స్తంభాల మీద వేలాడుతూ ఉంటుంది.

జాగ్రత్తపరులు రెండు కంపెనీల దగ్గర రెండు కనెక్షన్లు తీసుకుంటారు. బిల్లులు రెండు వస్తాయి. కేబుళ్లు మాత్రం ఒకే స్తంభం ఎక్కి, ఒకే గొట్టంలో దూరి, ఒకే గోడ కన్నంలోంచి లోపలికి వస్తాయి. వాననీటి కాలువ కోసం దిగిన జేసీబీ పంటి దెబ్బకు రెండూ ఒకేసారి తెగుతాయి. ఏ కేబుల్ ఎటుగా వచ్చిందో కొనుక్కున్నవాడికి చెప్పే ఆనవాయితీ మన దగ్గర లేదు. చవక ప్లాన్లలో ఇన్ని గంటల్లో బాగుచేస్తామన్న హామీ సాధారణంగా ఉండదు. హామీ ఉన్న లీజు లైను, అంటే కొన్నవాడికే ప్రత్యేకంగా కేటాయించే లైను, చిన్న యూనిట్‌కు అందే ధర కాదు.

తుపాన్ల సంగతి చెప్పనక్కర్లేదు. 2016లో వర్దా, 2023లో మిచౌంగ్. మిచౌంగ్ అంబత్తూరు షెడ్లను ముంచి, వెళ్లి బాపట్ల దగ్గర తీరం దాటింది. డేటా అసలూ నకలూ రెండూ ఈ తీరంలోనే దాచుకున్నవారు ఆలోచించాలి. నకలు హైదరాబాద్‌లోనో పుణేలోనో ఉండాలి. దూరపు గొడవలూ మనల్ని వదలవు. 2025 సెప్టెంబరులో ఎర్రసముద్రంలో కేబుళ్లు తెగితే ఆసియాలో పలుచోట్ల నెట్ నెమ్మదించింది. అంతకుముందు జులైలో ఐరోపా ఆంక్షల పేరుతో, రష్యా వాటా ఉన్న చమురు సంస్థ నయారా ఎనర్జీకి మైక్రోసాఫ్ట్ సేవలు నిలిచిపోతే ఆ సంస్థ ఢిల్లీ హైకోర్టు గడప తొక్కాల్సి వచ్చింది. ఆ తర్వాతే సేవలు తిరిగొచ్చాయి. కోర్టుకెళ్లే స్తోమత లేని యూనిట్ తన డేటాను వారానికోసారైనా సొంత డిస్క్‌లోకి దింపుకోవడం మంచిది.

పారిశ్రామికవాడలో కేబుళ్లకు రెండు వైపుల నుంచి ఉమ్మడి గొట్టాలు వేయడం ప్రభుత్వం పని. ఒక వీధి యూనిట్లన్నీ కలిసి ఒక లీజు లైను కొనుక్కోవడం సంఘాల పని. ఇక తవ్వకాలంటారా, తవ్వే ముందు కబురు చేయడానికి కేంద్రం 2023 మార్చిలోనే ఒక యాప్ తెచ్చింది. అందులో నమోదు కాని పనికి రోడ్డు తవ్వే అనుమతి ఇవ్వబోమని నగర కార్పొరేషన్ ఈ ఈశాన్య రుతుపవనాలు దిగేలోపే చెప్పాలి. అందుకు కొత్త చట్టం అక్కర్లేదు, కమిషనర్ ఉత్తర్వు చాలు.