నాలుగో సెట్టు బజ్జీలు

మెల్‌బోర్న్‌లో రాత్రి ఏడున్నరంటే పాలకొల్లులో మధ్యాహ్నం రెండు. 2019 జనవరి 27, ఆదివారం. జకోవిచ్‌కీ నాదల్‌కీ ఆస్ట్రేలియన్ ఓపెన్ టెన్నిస్ ఫైనల్. పాలకొల్లు దగ్గర మా అక్కావాళ్ళ ఊళ్ళో టెన్నిస్ కోర్టు లేదు. బ్యాటంటే దోమల బ్యాటే. అయినా చూసేవాళ్ళకీ, చూసింది చాలక వాదించుకునేవాళ్ళకీ కొదవ లేదు.

మా బావ జకోవిచ్ మనిషి. పక్కింటి లెక్కల మేష్టారు నాదల్ అంటే ప్రాణం పెడతారు. నేను ఫెదరర్ తాలూకు. మావాణ్ణి నాలుగో రౌండులోనే సిట్సిపాస్ అనే కుర్రాడు ఇంటికి పంపేశాడు కనక, ఫైనల్లో ఇద్దరూ ఓడిపోయే దారేమన్నా ఉందేమో చూద్దామని వెళ్ళాను.

ఆ ఇంట్లో అసలు గొడవ వేరే ఉంది. సంక్రాంతికి అరిసెల పాకం పట్టిన ఇత్తడి గుండిగ కనుమ వెళ్ళినప్పట్నించీ వసారాలోనే కూర్చుంది. దాన్ని అటకెక్కించమని అక్క పోరు పెడుతోంది. ఆ ఆదివారం తప్పించుకోడానికి బావకి 2012 దొరికింది. ఆ ఏడు ఇదే ఫైనల్లో వీళ్ళిద్దరే 5 గంటల 53 నిమిషాలు కొట్టుకున్నారు. బహుమతులిచ్చే వేళకి ఇద్దరూ నిలబడలేకపోతుంటే కుర్చీలు తెచ్చి వేశారు. "అంటే ఆరుగంటలే! మనకి అయ్యేసరికి దీపాలెట్టే వేళ దాటిపోద్ది. చీకట్లో అటకేం కనపడుద్ది? రేపు చూద్దాం" అన్నాడు బావ.

అక్క నమ్మింది. నమ్మి ఊరుకోకుండా వంటింట్లో దానికి తగ్గ ఏర్పాట్లు కూడా చేసేసింది. మొదటి సెట్టుకి జంతికలు, రెండోదానికి పండక్కి మిగిలిన పోకుండలు, మూడోదానికి టీ, నాలుగోదానికి మిరపకాయ బజ్జీలు. అయిదో సెట్టు దాకా వెళితే పులిహోర.

జంతికల పళ్ళెం వచ్చేసరికే జకోవిచ్ మూడు-సున్నా మీదున్నాడు. మేష్టారు బెదరలేదు. నాదల్ కుర్చీ ముందు నీళ్ళసీసాలు వరసలో సర్దుకుంటాడు కదా, ఈయనా అంతే. ఎదురుగా రెండు స్టీలు గ్లాసులు, పెద్దది వెనక, చిన్నది ముందు, గచ్చు టైలు గీతకి ఆనించి పెట్టుకున్నారు. మా మేనల్లుడు జంతిక కోసం దూరుతూ చిన్నగ్లాసుని బొటనవేలంత పక్కకి నెట్టాడు. "అదీ! అందుకేరా సర్వీసు పోయింది!" అని మేష్టారు లబోదిబోమన్నారు. గ్లాసు మళ్ళీ గీత మీదకి జరిగింది గానీ సెట్టు మాత్రం 6-3తో పోయింది. ఆ సెట్టు మొత్తమ్మీద జకోవిచ్ తన సర్వీసులో ఇచ్చింది ఒకే ఒక్క పాయింటు.

రెండోది 6-2, మూడోది 6-3, రెండూ జకోవిచ్‌వే. మూడు సెట్లు గెలిస్తే మ్యాచ్ అయిపోయినట్టే. మొత్తం 2 గంటల 4 నిమిషాలు. పోకుండలు పళ్ళెంలో సగం అలాగే ఉన్నాయి. ఆ టోర్నీలో అప్పటిదాకా ఒక్క సెట్టూ ఇవ్వని నాదల్, గ్రాండ్‌స్లామ్‌లనే నాలుగు పెద్ద టోర్నీల ఫైనళ్ళలో వరస సెట్లకి ఓడటం అదే మొదటిసారి. మేష్టారు నోట మాట లేదు. చిత్రమేంటంటే బావ మొహం అంతకన్నా మాడిపోయింది. టైము ఇంకా నాలుగుంపావు కూడా కాలేదు. బయట మాంచి ఎండ. అటక నట్టిల్లంత బాగా కనపడుతోంది.

బావ గబగబా టీవీ గొంతు నొక్కి, "మేష్టారూ, మీరు గట్టిగా ఏదో ఒకటనండి. నేను కాదంటాను" అన్నాడు గుసగుసగా.

మేష్టారికి అంతకన్నా కావలసిందేముంది? "అసలిది ఆటేనా? నవంబర్లో చీలమండకి ఆపరేషను చేయించుకుని వచ్చాడండీ నావాడు!"

"ఆ చీలమండతోనే కదండీ సెమీస్‌లో సిట్సిపాస్‌ని 6-2, 6-4, 6-0 కొట్టాడు! అప్పుడు లేని నెప్పి మావాణ్ణి చూడగానే వచ్చిందా?"

"మట్టి మనిషయ్యా ఆయన. దాళ్వా నాట్లేసేవాణ్ణి తీసుకొచ్చి సిమెంటు రోడ్డు మీద నాటమంటే ఏం నాటతాడు? పారిస్‌లో మట్టి కోర్టు మీద పదకొండు కప్పులున్నాయి, అక్కడికి రమ్మను!"

నేనూ ఒక చెయ్యి వేశాను. సిట్సిపాస్ ఫెదరర్‌ని కొట్టాడు, నాదల్ సిట్సిపాస్‌ని కొట్టాడు, జకోవిచ్ నాదల్‌ని కొట్టాడు కాబట్టి మావాడు వేలువిడిచిన వరసలో ఫైనల్ ఆడినట్టేనన్నాను. ఇద్దరూ కలిసి నా మీద పడ్డారు. లెక్కల మేష్టారై ఉండి కూడా ఈ లెక్క ఒప్పుకోలేదాయన.

తర్వాత తప్పుల పద్దు తెరిచారు. ఎదుటివాడు నెడితే చేసేది ఫోర్స్‌డ్ ఎర్రరు, ఎవరూ నెట్టకుండా తనంత తాను చేసేది అన్‌ఫోర్స్‌డ్ ఎర్రరు. జకోవిచ్‌వి 9, నాదల్‌వి 28. "ఆ ఇరవై ఎనిమిదీ మీవాడు గెంటితే చేసినవే, రాసేవాడు తప్పు గళ్ళో రాశాడు" అని మేష్టారు. నిజం చెప్పాలంటే మేష్టారన్నదాంట్లో కొంత న్యాయం ఉంది. అవతలి గట్టున ఏ బంతి వేసినా తిరిగొచ్చేస్తుంటే, గీత అంచునే కొట్టాలనిపించి చెయ్యి తప్పుతుంది. ఆ మాట పైకి అనలేదు, అంటే వాదన ఆగిపోతుందని.

ఈలోగా వంటింట్లోంచి అక్క కేకేసింది. "ఏవండీ, నాలుగో సెట్టు మొదలైందా?"

"ఆఁ, ఇప్పుడే! బజ్జీలు వేసెయ్!"

లేని నాలుగో సెట్టుకి బజ్జీలొచ్చాయి. కడుపు చీల్చి, వాము చింతపండు కూరి, పైన సన్నగా తరిగిన ఉల్లిపాయలూ నిమ్మరసమూను. మంచి సమయంలో వచ్చాయి కూడా. బావ ఒకటి నోట్లో కుక్కుకునేసరికి అక్క టీవీ వైపు చూసింది.

"ఆయనెవరో కప్పు పట్టుకుని నవ్వుతున్నాడేంటి?"

బావకి బజ్జీ కాలింది. "అది... మంచినీళ్ళ విరామం."

"అంత పెద్ద కప్పుతోనా తాగుతారు?"

ఇంకో మాటనకుండా పెరట్లోకెళ్ళి నిచ్చెన తెచ్చి అటకకి ఆనించింది.

బావ గుండిగతో ఎక్కాడు. నిచ్చెన నేను పట్టుకున్నాను. మేష్టారు కింద నిలబడి కూడా వదల్లేదు. "మూడో సెట్టులో ఆ బ్రేక్ పాయింటు గానీ కొట్టుంటేనా, కథే వేరు!" బ్రేక్ పాయింటంటే ఎదుటివాడి సర్వీసు గేమును లాక్కునే అవకాశం. మ్యాచ్ మొత్తమ్మీద నాదల్‌కి దొరికింది అదొక్కటే. బావకి ఒళ్ళు మండింది. "ఎక్కడ కొట్టాడండీ, బ్యాక్‌హ్యాండు తీసుకెళ్ళి ఇలా నెట్టులో..." అంటూ చెయ్యి తిప్పి చూపించాడు. ఆ చెయ్యి గుండిగని పట్టుకున్న చెయ్యే.

గుండిగ నిచ్చెన మెట్లన్నీ లెక్కపెట్టుకుంటూ దిగి, వసారా దాటి, గడప దగ్గర ఒకసారి ఎగిరి, వీధి మెట్ల మీదుగా కాలవగట్టు దాకా పోయి బోర్లాపడింది. మా మేనల్లుడు వెనకాలే పరిగెత్తి, "అవుట్!" అని అరిచాడు. మూతి దగ్గర ఇంత సొట్ట.

అక్క సొట్టని వేలితో తడిమి చూసింది. పొద్దుటినించీ వంటింట్లో ఉన్నా ఒక్క ముక్కా వదలకుండా వింది కాబోలు.

"ఇదేం ఎర్రరండీ? ఫోర్స్‌డా, అన్‌ఫోర్స్‌డా?"

"ఫోర్స్‌డే!" అన్నాడు బావ పైనుంచి. "వీడు నిచ్చెన కదిపాడు."

"నేను కదపలేదు బావా!"

"కదపలేదమ్మా, నేను చూస్తూనే ఉన్నాను" అని మేష్టారు నా పక్షం చేరారు. "ఇది నూటికి నూరుపాళ్ళూ అన్‌ఫోర్స్‌డు. జకోవిచ్ మనుషులకి తొమ్మిదే అన్నారుగా, ఇది పదోది. రాసుకోండి!"

"అసలు మీరు కింద నిలబడి కదిలించబట్టే కదండీ నేను చెయ్యి తిప్పింది? అది ఫోర్స్ కాదా మరి?" అంటూ బావ నిచ్చెన మీదే కూర్చుని మొదలెట్టాడు. అక్క అయిదో సెట్టు పులిహోరకి పోపు పెట్టడానికి లోపలికెళ్ళిపోయింది.